ఎక్స్‌పోర్ట్ ఆగిపోతోందా? ముందు ఆగిన చోటు చూడండి

పెళ్లి వీడియో మిక్సింగ్ (ఎడిటింగ్) అయిపోయింది, పాటలు కుదిరాయి, పార్టీ (వీడియో తీయించుకున్నవాళ్లు) సాయంత్రం పెన్‌డ్రైవ్ కోసం వస్తామన్నారు. తీరా ఎడిట్ చేసినదాన్ని వీడియో ఫైల్‌గా బయటికి తీసే ఎక్స్‌పోర్ట్ కొడితే 60 శాతం దాటాక ఎర్రర్. విజయవాడ, గుంటూరు స్టూడియోల్లో పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే ఈ టెన్షన్ మామూలే. ఆ కంగారులో నాలుగైదు సెట్టింగులు ఒకేసారి మార్చేసి మళ్లీ కొడతారు. ఒకవేళ పని జరిగినా దేనివల్ల జరిగిందో తెలియదు, వచ్చే పెళ్లికి మళ్లీ అదే గొడవ.

అందుకే ఏదీ మార్చకుండా ఇంకోసారి ఎక్స్‌పోర్ట్ కొట్టండి. అదే చోట ఆగిందా, చోటు మారిందా? అదే చోట ఆగితే తప్పు దాదాపుగా టైమ్‌లైన్‌లో, అంటే క్లిప్పులు వరుసగా పేర్చిన పట్టీలో ఉన్నట్టు. చోటు మారుతూ ఉంటే మెషీన్‌ను అనుమానించాలి. ఈ ఒక్కటి తేలితే సగం పని అయినట్టే.

ప్రతిసారీ అదే చోట ఆగుతోంది

శాతాన్ని నమ్ముకోకండి, టైమ్‌కోడ్ (వీడియోలో ఎన్నో నిమిషం, ఎన్నో సెకను అనే లెక్క) చూడండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రో అయితే ఎర్రర్ బాక్స్‌లోనే ఏ టైమ్‌కోడ్ దగ్గర ఆగిందో రాస్తుంది. అది సుమారు లెక్క కాబట్టి దానికి కాస్త ముందూ వెనకా ఉన్న క్లిప్పులన్నీ చూడాలి. అక్కడ సాధారణంగా దొరికేవి ఇవి: బయట నుంచి తెచ్చి వేసుకున్న ట్రాన్సిషన్ ప్లగిన్, వణుకు తగ్గించే వార్ప్ స్టెబిలైజర్, చీకటి షాట్లలో చుక్కలు తగ్గించే నాయిస్ రిడక్షన్, కార్డు నుంచి సరిగా కాపీ కాని క్లిప్, లేదంటే ఆల్బమ్ ఫోటోలు.

ఫోటోల సంగతి చాలామంది పట్టించుకోరు. 24 మెగాపిక్సెల్ కెమెరా ఫోటో 6000 బై 4000 పిక్సెళ్లు ఉంటుంది, మన టైమ్‌లైన్ 1920 బై 1080. అలాంటివి యాభై అరవై వరుసగా పెట్టి, ఒక్కోదానికీ జూమ్ ఇచ్చి, పైన పూలు రాలే ఎఫెక్ట్ వేస్తే గ్రాఫిక్స్ కార్డు మెమరీ చాలదు. ఫోటోషాప్‌లో అన్నిటినీ 3000 పిక్సెళ్ల వెడల్పుకి తగ్గించి పెట్టుకోండి. స్క్రీన్ మీద తేడా కనపడదు.

అనుమానం వచ్చిన క్లిప్‌ను డిసేబుల్ చేసి, ఇన్, అవుట్ పాయింట్లు పెట్టి ఆ ఒక్క నిమిషమే ఎక్స్‌పోర్ట్ చేయండి. దాటిందంటే దొంగ దొరికినట్టే. ఎఫెక్ట్ తప్పయితే ఆ క్లిప్‌ను ప్రీమియర్‌లో రెండర్ అండ్ రీప్లేస్, డావిన్చీ రిజాల్వ్ సాఫ్ట్‌వేర్‌లో రెండర్ ఇన్ ప్లేస్ చేసి, మామూలు క్లిప్‌గా మార్చి మళ్లీ కొట్టండి. క్లిప్పే పాడైతే కార్డు నుంచి మళ్లీ కాపీ చేయాలి. వీడియో పార్టీ చేతికి అందేదాకా కార్డు ఫార్మాట్ చేయవద్దని నేను అంత పట్టుబట్టేది ఇందుకే. తలంబ్రాలు మళ్లీ పోయించి షూట్ చేయలేం కదా.

ఆగే చోటు మారుతోంది

ముందు ఎక్స్‌పోర్ట్ సెట్టింగుల్లో హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్‌ను (గ్రాఫిక్స్ కార్డుతో ఫైల్ తయారీ) సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడింగ్‌కి (ప్రాసెసర్‌తో తయారీ) మార్చి చూడండి. టైమ్ ఎక్కువ పడుతుంది కానీ పని గట్టెక్కుతుంది. అలా గట్టెక్కితే తప్పు గ్రాఫిక్స్ కార్డు వైపు ఉంది. ఎన్‌విడియా కార్డయితే గేమ్ రెడీ డ్రైవర్ తీసి స్టూడియో డ్రైవర్ వేయండి. ఈమధ్య డ్రైవర్ అప్‌డేట్ చేశాకే గొడవ మొదలైతే పాతదానికి వెళ్లండి. రిజాల్వ్‌లో జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) మెమరీ ఫుల్ అని వస్తే టెంపోరల్ నాయిస్ రిడక్షన్ తీసేయడం, 4కే టైమ్‌లైన్‌ను 1080కి దింపడం మొదటి మందులు.

తర్వాత సి డ్రైవ్ చూడండి. ఫైల్ వేరే డ్రైవ్‌లోకి పంపుతున్నా, మీడియా క్యాష్ (సాఫ్ట్‌వేర్ తన పని కోసం రాసుకునే తాత్కాలిక ఫైళ్లు) డీఫాల్ట్‌గా సి డ్రైవ్‌లోనే పేరుకుంటుంది. సీజన్‌లో అది నిండిపోవడం పెద్ద విషయం కాదు. ప్రీమియర్ ప్రిఫరెన్సెస్‌లో మీడియా క్యాష్‌కి వెళ్లి పాతవి డిలీట్ చేసి, క్యాష్‌ను వేరే ఎస్ఎస్‌డీకి మార్చండి.

ఇక ఎండ. మే నెలలో బెజవాడలో 45 డిగ్రీలకు చేరే రోజులుంటాయి. తలుపులు మూసిన చిన్న గదిలో, దుమ్ము పట్టిన ఫ్యాన్లతో మెషీన్ గంటల తరబడి రెండర్ చేస్తే వేడికి స్పీడ్ తగ్గించుకుంటుంది, మరీ ఎక్కువైతే ఆఫ్ అయిపోతుంది. ఉదయం బాగా నడిచి మధ్యాహ్నం ఆగుతోందంటే ఇదే కారణం కావచ్చు. ఫ్యాన్లు శుభ్రం చేయించండి, పెద్ద ఎక్స్‌పోర్టులు రాత్రికి పెట్టుకోండి.

కరెంటు పోతే ఇంకో నష్టం ఉంది. ఫోల్డర్‌లో ఎంపీ4 ఫైల్ గిగాబైట్ల సైజులో కనిపిస్తుంది, కానీ ఏ ప్లేయర్‌లోనూ తెరుచుకోదు. ఏ ఫ్రేమ్ ఎక్కడుందో చెప్పే సూచిక ఎంపీ4లో సాధారణంగా అన్నిటికంటే చివర రాస్తారు. అది పడకముందే మెషీన్ ఆగితే లోపలి డేటా అంతా ఉన్నా దారి తెలియదు. ఆ ఫైల్‌తో కుస్తీ పట్టేకంటే మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయడమే మేలు. మూడు గంటల వీడియోను ఒకే ముక్కగా తీయకుండా ప్రధానం, పెళ్లి, రిసెప్షన్ అని విడివిడిగా ప్రోరెస్ లేదా డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ అనే ఎడిటింగ్ ఫార్మాట్‌లో తీసి, వాటి నుంచి ఎంపీ4 చేయండి. ఎడియస్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు అలాంటిదే కానోపస్ హెచ్‌క్యూ ఉండనే ఉంది. డిస్క్ స్పేస్ బాగా తింటుంది, కానీ ఒక ముక్క పోయినా మిగతావి మిగులుతాయి.

పచ్చ, గులాబీ మచ్చలు. మధ్యలో ఒక ఫ్రేమ్ మెరిసి మాయం

ముందు ఫైల్‌ను వీఎల్‌సీ ప్లేయర్‌లోనూ, ఫోన్‌లోనూ చూడండి. ఒకదాంట్లోనే మచ్చలుంటే అది ఆ ప్లేయర్ గొడవ. అన్నిట్లో ఉంటే ప్రీమియర్ ప్రిఫరెన్సెస్‌లో మీడియా కింద హార్డ్‌వేర్ డీకోడింగ్ (క్లిప్పులు చదవడానికి గ్రాఫిక్స్ చిప్ వాడే సెట్టింగ్) టిక్ తీసి, సాఫ్ట్‌వేర్ మళ్లీ తెరిచి ఎక్స్‌పోర్ట్ చేయండి. ఎడిటింగ్‌లో చూసుకోవడానికి రెండర్ చేసిన పాత ప్రివ్యూ ఫైళ్లు కూడా డిలీట్ చేసి, యూజ్ ప్రివ్యూస్ టిక్ లేకుండా చూసుకోండి. లేకపోతే పాడైన ప్రివ్యూయే మళ్లీ కొత్త ఫైల్‌లోకి వస్తుంది.

మాట ఒకటి, పెదవులు ఒకటి

మొదట్లో సరిగ్గా ఉండి, పోను పోను ఆడియో జారిపోతోందంటే అది చాలావరకు ఫోన్ క్లిప్పు. ఫోన్లు వెలుతురును బట్టి ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని ఫ్రేములో) పెంచుతూ తగ్గిస్తూ రికార్డ్ చేస్తాయి. మన కెమెరా మాత్రం స్థిరంగా 25 ఫ్రేములు ఇస్తుంది. మీడియాఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో క్లిప్ తెరిస్తే ఫ్రేమ్ రేట్ మోడ్ వేరియబుల్ అని కనిపిస్తుంది. బంధువులు పంపిన అలాంటి క్లిప్పులన్నిటినీ టైమ్‌లైన్‌లోకి తేకముందే హ్యాండ్‌బ్రేక్ అనే కన్వర్టర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్‌కి మార్చండి. 30లో తీసినదైతే 30 గానే ఉంచండి. ఎక్స్‌పోర్ట్ అయ్యాక ఆడియోను జరిపి సరిచేద్దామంటే కుదరదు, ఎందుకంటే జారుడు అంతటా ఒకేలా ఉండదు.

ఎడిటింగ్‌లో బాగుంది, ఫైల్‌లో తెల్లగా పాలిపోయింది

ఐఫోన్ 12 నుంచి వచ్చిన మోడళ్లు హెచ్‌డీఆర్‌లో (మామూలు కంటే ఎక్కువ వెలుగు, రంగులు పట్టే పద్ధతి) తీస్తాయి. ప్రీమియర్‌లో అలాంటి క్లిప్‌తో కొత్త సీక్వెన్స్ చేస్తే సీక్వెన్స్ కూడా హెచ్ఎల్‌జీ అనే హెచ్‌డీఆర్ కలర్ స్పేస్‌లోకి వెళ్లిపోవచ్చు. దాన్ని మామూలు హెచ్.264లో తీస్తే పట్టు పంచె, తెల్ల గోడ ఒకటైపోతాయి. సీక్వెన్స్ సెట్టింగ్స్‌లో వర్కింగ్ కలర్ స్పేస్‌ను మామూలు వీడియో రంగుల రెక్.709కి మార్చి, ఆటో టోన్ మ్యాప్ మీడియా టిక్ పెట్టండి.

తెలుగు టైటిల్‌లో ఒత్తులు విడిపోయాయి

‘శ్రీరస్తు శుభమస్తు’లో ఒత్తులు ఊడి పక్కన పడితే పార్టీ ముందు మన పరువు పోతుంది. దీన్ని చిన్న తప్పుగా వదిలేయడం నాకు నచ్చదు. ప్రీమియర్ ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ కింద టెక్స్ట్ ఇంజిన్‌ను సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్‌కి మార్చండి. కొత్త వెర్షన్లలో పేరు కాస్త వేరుగా ఉండొచ్చు. మార్చాక టైటిల్ కొత్తగా టైప్ చేయండి. అను ఫాంట్స్‌లో టైప్ చేసిన శుభలేఖ మ్యాటర్‌ను అలాగే పేస్ట్ చేస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి, అది యూనికోడ్ కాదు కాబట్టి. రామభద్ర, మండలి లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. ప్రాజెక్ట్ వేరే మెషీన్‌కి వెళ్లేటట్టయితే టైటిల్‌ను ఫోటోషాప్‌లో చేసి, వెనక ఖాళీగా ఉండే పీఎన్‌జీగా పెట్టేయండి. ఫాంట్ ఉన్నా లేకపోయినా అక్షరం చెదరదు.

నిడివి తేడా

చివర నిమిషాల కొద్దీ నలుపు వస్తే టైమ్‌లైన్ దూరంగా ఎక్కడో ఒక చిన్న ముక్క మిగిలిపోయి ఉంటుంది. సగమే వస్తే ఇన్, అవుట్ పాయింట్లు తీసేయలేదన్నమాట.

ఫైల్ బాగుంది, పెన్‌డ్రైవ్‌లో ఎక్కదు, టీవీలో ఆడదు

8 ఎంబీపీఎస్ (సెకనుకు 8 మెగాబిట్లు) బిట్‌రేట్‌లో నిమిషానికి 60 ఎంబీ. మూడు గంటలకు 10.8 జీబీ. చాలా పెన్‌డ్రైవ్‌లు ఎఫ్ఏటీ32 ఫార్మాట్‌లో వస్తాయి, అందులో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు. డ్రైవ్‌లో 30 జీబీ ఖాళీ ఉన్నా ఇంతే. నేరుగా అలాంటి డ్రైవ్‌లోకి ఎక్స్‌పోర్ట్ పెడితే ప్రతిసారీ అదే చోట ఆగుతుంది. టైమ్‌లైన్ మీద నింద వేయకముందు ఆగిన ఫైల్ సైజు 4 జీబీ దగ్గర ఉందేమో చూడండి.

ఎక్స్ఎఫ్ఏటీకి ఫార్మాట్ చేస్తే ఎక్కుతుంది, కానీ కొన్ని పాత టీవీలు దాన్ని చదవవు. అమ్మమ్మ గారింట్లో ఏ టీవీ ఉందో మనకు తెలియదు కాబట్టి ఎఫ్ఏటీ32 లోనే గంట లోపు ముక్కలుగా ఇవ్వడం నా పద్ధతి. కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి) హెచ్.264, ఆడియో ఏఏసీ. హెచ్.265 సైజు తగ్గిస్తుంది గానీ పాత టీవీల్లో నల్ల స్క్రీన్, ఫంక్షన్ హాల్ ఎల్‌ఈడీ వాల్‌కి పెట్టిన పాత ల్యాప్‌టాప్‌లో తడబాటు. వాట్సాప్‌లో పంపమంటే వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, 2 జీబీ వరకు క్వాలిటీ తగ్గకుండా వెళ్తుంది.