ఇంటర్ మార్కులతో ఏటా 12 వేలు: సబ్మిట్ కొట్టాక మొదలయ్యే దరఖాస్తు

ఇంట్లో ఆదాయం ఏడాదికి మూడు లక్షలో, మూడున్నరో. తెలంగాణలో ఫీజు రీయింబర్స్‌మెంట్ దరఖాస్తులు తీసుకునే ఈపాస్ పోర్టల్ ఆదాయ గీత చూస్తే బీసీలకు పల్లెలో లక్షన్నర, పట్నంలో రెండు లక్షలు. దాటిపోయారు కాబట్టి ఫీజు రీయింబర్స్‌మెంట్ లేదు. అలాగని కాలేజీ ఫీజు అవలీలగా కట్టేంత ఉన్నవాళ్లూ కాదు. అదుగో, అలా మధ్యలో ఇరుక్కున్న ఇళ్ల పిల్లలకి పనికొచ్చే స్కాలర్‌షిప్ ఒకటుంది. దాని గురించి మా సెక్షన్ కిటికీ దగ్గరికి వచ్చి అడిగేవాళ్లు మాత్రం తక్కువ. కాలేజీ, యూనివర్సిటీ విద్యార్థుల కోసం కేంద్ర విద్యాశాఖ ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ అది. ఇప్పుడు పీఎం ఉచ్చతర్ శిక్షా ప్రోత్సాహన్ అనే పేరు కింద నడుస్తోంది.

డిగ్రీ మూడేళ్లూ ఏటా 12 వేలు, పీజీలో చేరితే ఏటా 20 వేలు. బీటెక్ లాంటి నాలుగేళ్ల కోర్సులో మొదటి మూడేళ్లు 12 వేలు, నాలుగో ఏట 20 వేలు. అంటే బీటెక్ పూర్తయ్యేసరికి 56 వేలు. ఫీజంతా దీంతో తీరదు కానీ హాస్టల్ మెస్ బిల్లు బరువు కొంత తగ్గుతుంది. దేశం మొత్తానికి ఏటా కొత్తగా ఇచ్చేవి 82 వేలు, అందులో సగం అమ్మాయిలకి.

ఎవరికి వస్తుంది

ఇంటర్‌లో 80వ పర్సెంటైల్ దాటాలి. ఇక్కడే చాలామంది తడబడతారు. 80 శాతం మార్కులని కాదు దీని అర్థం. మీ బోర్డులో, మీ గ్రూపులో మీతోపాటు పాసైన ప్రతి వంద మందిలో పై ఇరవై మందిలో మీరుండాలి. మన ఇంటర్ బోర్డుల్లో మార్కులు ఎలా పడతాయో తెలిసిందేగా, ఎంపీసీలో వెయ్యికి తొమ్మిది వందలు వచ్చినవాళ్లు వీధికి నలుగురుంటారు. అందుకని ‘నాకు 85 శాతం వచ్చింది, చాల్లే’ అనుకోవద్దు. అర్హుల జాబితా బోర్డు వెబ్‌సైట్‌లో పెడుతుంది. హాల్‌టికెట్ నంబరు అక్కడ వెతుక్కుని, ఆ తర్వాతే మిగతా పని మొదలెట్టండి.

కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షలు దాటకూడదు. రెగ్యులర్ డిగ్రీలో చేరి ఉండాలి. దూరవిద్యకు గానీ, డిప్లొమాకు గానీ ఇది వర్తించదు. ఎంపికలో సైన్సు, కామర్సు, ఆర్ట్స్ గ్రూపులకు 3:2:1 లెక్కన వాటాలున్నాయి. ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27 శాతం రిజర్వేషన్ ఉంది. వికలాంగులకు ప్రతి వర్గంలోనూ 5 శాతం.

ఇంకో షరతు ఉంది, దాన్ని రెండుసార్లు చదవండి. వేరే ఏ స్కాలర్‌షిప్పూ, రాష్ట్ర ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంటూ తీసుకుంటూ ఉండకూడదు. ఈపాస్‌లో పేరున్నవాళ్లు ఇదీ అదీ రెండూ పెట్టేస్తే ఏదో ఒకటి వస్తుందిలే అనుకుంటారు. ఆధార్ ఒకటే కాబట్టి ఎక్కడో ఒకచోట దొరికిపోతారు, వచ్చిన డబ్బు వెనక్కి కట్టాల్సిన పరిస్థితీ రావచ్చు. ఇంజినీరింగ్‌లో రీయింబర్స్‌మెంట్ వచ్చేవాళ్లకి అదే మేలు, 12 వేల కోసం దాన్ని వదులుకోవద్దు. బీఏ, బీకాం ఫీజు తక్కువ ఉన్న చోట మాత్రం కాగితం మీద లెక్క వేసుకుని చూడండి.

పోర్టల్‌లో చేసే పని

అంతా నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ (ఎన్‌ఎస్‌పీ)లోనే, స్కాలర్‌షిప్స్ డాట్ గవ్ డాట్ ఇన్. ముందు ఓటీఆర్, అంటే వన్ టైమ్ రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. మొబైల్ నంబరుకి ఓటీపీ, ఆధార్‌కి ఓటీపీ, ఆ తర్వాత ఆండ్రాయిడ్ ఫోన్లో ఓటీఆర్ యాప్, ఆధార్ ఫేస్ ఆర్డీ యాప్ దించుకుని ముఖం చూపించాలి. ట్యూబ్‌లైటు నెత్తిమీద వెలుగుతుంటే ఎన్నిసార్లు చూపించినా తీసుకోదు. పగటిపూట కిటికీకి ఎదురుగా కూర్చుని చేస్తే ఒక్కసారికే అయిపోతుంది. చివర్లో 14 అంకెల నంబరు వస్తుంది. చదువు అయ్యేదాకా అదే నంబరు కాబట్టి ఫోన్లో ఒకచోట, పుస్తకంలో ఒకచోట రాసిపెట్టుకోండి. నెట్ సెంటర్ వాళ్ల ఫోన్ నంబరు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వొద్దు, వచ్చే ఏడాది ఓటీపీ కోసం వాళ్ల షాపు ముందు నిలబడాల్సొస్తుంది.

ఆ నంబరుతో లాగిన్ అయి దరఖాస్తు నింపాలి. పేరు, పుట్టినతేదీ ఆధార్‌లో ఎలా ఉంటే అలాగే వస్తాయి. ఇంటర్ మెమోలో ఇంటిపేరు ముందుండి ఆధార్‌లో వెనకుంటే, దరఖాస్తు పెట్టకముందే ఆధార్ సరిచేయించుకోవడం మంచిది. కాలేజీ ఎంచుకునేటప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. ఉస్మానియా పరిధిలోని ప్రైవేటు కాలేజీలో చదువుతూ జాబితాలో ఉస్మానియా యూనివర్సిటీ అని ఎంచుకుంటారు. ఆ దరఖాస్తు యూనివర్సిటీ లాగిన్‌కి వెళ్లి కూర్చుంటుంది, మీ కాలేజీవాళ్లకి కనిపించదు. కాలేజీకి ఏఐఎస్‌హెచ్‌ఈ కోడ్ అని ఒకటుంటుంది, సి అక్షరంతో మొదలవుతుంది. యూనివర్సిటీలకైతే యు. ఆఫీసులో అడిగి రాసుకుని, జాబితాలో ఆ కోడ్ చూసి మరీ నొక్కండి.

ఆదాయ ధ్రువపత్రం తహశీల్దారు ఇచ్చిందే కావాలి. తెలంగాణలో మీసేవలో, ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయంలో పెట్టుకోవచ్చు. అడ్మిషన్ల కాలంలో అందరూ ఒకేసారి ఎగబడతారు కాబట్టి ఇంటర్ ఫలితాలు రాగానే పెట్టుకుంటే నెత్తినొప్పి ఉండదు.

డబ్బు ఆధార్‌కి అనుసంధానమైన ఖాతాలోకే వస్తుంది. ‘బ్యాంకులో ఆధార్ ఇచ్చాం సార్’ అని అందరూ అంటారు. ఖాతాకి ఆధార్ జెరాక్స్ ఇవ్వడం వేరు, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ దగ్గర ఆ ఖాతా మీ ఆధార్‌కి ముడిపడి ఉండటం వేరు. మై ఆధార్ సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఉంటుంది, అక్కడ యాక్టివ్ అని కనబడాలి. ఏ బ్యాంకు పేరు కనబడుతుందో డబ్బు అందులోకే పోతుంది. పదో తరగతిలో తెరిచి మరిచిపోయిన ఖాతా పేరు అక్కడ ప్రత్యక్షమైతే ఆశ్చర్యపోకండి.

కాలేజీ బల్ల దగ్గర

సబ్మిట్ నొక్కగానే పని అయిపోయిందని పార్టీ చేసుకుంటారు పిల్లలు. నిజానికి దరఖాస్తు అక్కడి నుంచి రెండు చేతులు మారాలి. మొదట మీ కాలేజీ నోడల్ ఆఫీసరు, అంటే కాలేజీ తరఫున ఈ పోర్టల్ పని చూసే మనిషి, తన లాగిన్‌లో సరిచూసి ముందుకి పంపాలి. ఆ తర్వాత మీరు ఏ బోర్డులో ఇంటర్ చదివారో ఆ బోర్డు చూస్తుంది. సీబీఎస్‌ఈలో చదివినవాళ్లకి సీబీఎస్‌ఈ. రెండో దశలో ఆగేవి తక్కువ. నేను చూసినంతలో ఆగేవన్నీ మొదటి బల్ల మీదే.

కారణం చెప్తే నవ్వొస్తుంది. నోడల్ ఆఫీసరంటే ప్రత్యేకంగా ఒక ఉద్యోగం కాదు, ఎవరో ఒక లెక్చరర్‌కి అదనంగా అంటగట్టిన పని. ఆయన రిటైరవుతారు. శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చి, ఫొటో దిగి నోటీసు బోర్డులో పెడతారు. పోర్టల్ లాగిన్ మాత్రం ఇంకా ఆయన ఫోన్ నంబరు మీదే ఉంటుంది. ఓటీపీలు ఆయన మనవరాలిని ఆడించుకుంటున్న ఇంటికి పోతుంటాయి. కొత్త ఆఫీసరు పేరు మార్పించి, ఆయనకూ ప్రిన్సిపాల్‌కూ ఆధార్ ధ్రువీకరణ అయ్యేసరికి గడువు దాటిపోతుంది. నాకు తెలిసిన ఒక కాలేజీలో బీఎస్సీ అమ్మాయి దరఖాస్తు అచ్చంగా ఇలాగే పోయింది. పిల్ల తప్పు వీసమెత్తు లేదు.

అందుకే నోటీసు బోర్డు మీద సన్మానాలు, బదిలీలు, కొత్త బాధ్యతల ఉత్తర్వులు కనిపిస్తే అవి మనకెందుకులే అనుకోకండి. ఈ ఏడాది ఎన్‌ఎస్‌పీ ఎవరు చూస్తున్నారో సబ్మిట్ చేయకముందే ఆఫీసులో అడగండి. ‘సార్, లాగిన్ మీ పేరు మీదకి మారిందా’ అని అడగడానికి మొహమాటపడొద్దు. కొత్తగా వచ్చిన మేడంకి ఆ పని తన నెత్తిన పడిందన్న సంగతే అప్పటికి తెలిసి ఉండకపోవచ్చు. దరఖాస్తు ప్రింటు, ఇంటర్ మెమో, ఆదాయ పత్రం, రిజర్వేషన్ ఉంటే కుల ధ్రువపత్రం, అడ్మిషన్ ఫీజు రసీదు జతచేసి ఇచ్చి, మీ కాపీ మీద తేదీ వేయించుకుని సంతకం తీసుకోండి.

ఆ తర్వాత వారానికోసారి లాగిన్ అయి స్థితి చూసుకోవాలి. డిఫెక్ట్ అని వస్తే కంగారుపడక్కర్లేదు, ఏదో తప్పుంది దిద్దమని వెనక్కి పంపారన్నమాట. దిద్ది మళ్లీ పంపొచ్చు, దానికీ ఒక గడువు ఉంటుంది. రిజెక్ట్ అని వస్తే మాత్రం ఆ ఏటికి అంతే. కాలేజీ ఇంకా ముట్టుకోకముందే తప్పు మీకే కనిపిస్తే, దరఖాస్తు వెనక్కి తీసుకుని కొత్తగా నింపే వీలుంది. కాలేజీ కోడ్ తప్పు కొట్టినవాళ్లకి ఇదే తేలికైన దారి. పోర్టల్‌లో సాంకేతికంగా ఏదైనా చిక్కొస్తే హెల్ప్‌లైన్ 0120-6619540. కాలేజీలో కదలని ఫైలు గురించి వాళ్లకి ఫోన్ చేసి లాభం లేదు, వాళ్లు మళ్లీ కాలేజీనే అడగమంటారు.

రెండో ఏడాది డబ్బు దానంతటదే రాదు. ప్రతి ఏటా పోర్టల్‌లో రెన్యూవల్ పెట్టుకోవాలి. వార్షిక పరీక్షల్లో 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి. ర్యాగింగ్ లాంటి క్రమశిక్షణ ఫిర్యాదులుంటే ఆగిపోతుంది. సెమిస్టర్ ఫలితాలు ఆలస్యమైతే మార్కుల గడి ఖాళీగా వదిలేసి పంపకండి. పరీక్షల విభాగంలో అడిగి, ఉన్న మెమోల లెక్క సరిచూసుకుని నింపండి. రెన్యూవల్ కూడా మళ్లీ అదే బల్ల మీంచి వెళ్లాలి. ఈలోగా అక్కడ కూర్చున్నవాళ్లు మారారేమో చూసుకోండి.