వయసు పైబడ్డాక డీర్ స్టాండ్ (జింకల వేటకి కూర్చునే మంచె) కట్టుకునేముందు జాగ్రత్తలు

మిషిగన్‌లో నవంబర్ 15న గన్ సీజన్ (తుపాకీతో జింకల వేట) మొదలు, ఈ పనులు సెప్టెంబర్‌లోనే కానివ్వండి, ఒక్కరే చేయకండి.

- 20 అడుగుల చెట్టెక్కడం ఇక చాలు, అన్నా! మన పొలాల్లో మంచెలాగా 5, 6 అడుగుల్లో కట్టుకోండి.
- నిచ్చెన బదులు వెడల్పాటి మెట్లు, రెండు పక్కలా రెయిలింగ్. మెట్లమీద రూఫింగ్ షింగిల్ (ఇంటి పైకప్పుకి వేసే గరుకు రేకు) ముక్కలు కొట్టండి, పొద్దున్నే మంచుపట్టిన చెక్క మహా జారుతుంది.
- 4 అంగుళాల ట్రీటెడ్ (పుచ్చిపోకుండా మందు పట్టించిన) గుంజలు, మేకులు కాదు బోల్టులు.
- స్టాండ్‌కి కట్టిన నిరుటి స్ట్రాపులు (బెల్టులు) ఎండకి పెళుసెక్కుంటాయి, మార్చేయండి.
- తక్కువ ఎత్తేగా అని హార్నెస్ (పడకుండా ఒంటికి కట్టుకునే బెల్టు) మానొద్దు.
- ఎత్తు తగ్గితే గుండు నేలలోకి దిగకుండా అడ్డంగా దూరం పోతుంది, జింక వెనక మట్టిగట్టు ఉండేలా చూసుకునే చోటు ఎంచుకోండి, ఇది చాలామంది మర్చిపోతారు.
- గన్ ఖాళీచేసి తాడుతో పైకి లాక్కోండి.