బీజాల్లో గడ్డ తగిలితే ఏం చేయాలి

మా పిన్ని కొడుకు గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తా, వయసు 26. యార్డు నుంచి రాగానే ఒంటికి పట్టిన ఘాటు పోయేదాకా వేడినీళ్లు పోసుకుంటాడు. అలా ఒకరోజు కుడి బీజం మీద శనగగింజంత గట్టిగా ఏదో తగిలింది. నొప్పి లేదు కదా అని, ఇంట్లో చెప్పడానికి సిగ్గుపడి, నాలుగు నెలలు ఊరుకున్నాడు. అది వృషణాల (బీజాల) క్యాన్సర్. ఈ జబ్బులో మోసం చేసేది ఆ నొప్పి లేకపోవడమే.

వృషణాల క్యాన్సర్ ఎక్కువగా 15 నుంచి 40 ఏళ్ల లోపు వాళ్లకే వస్తుంది. చిన్నప్పుడు బీజం కిందికి దిగకుండా ఉండిపోయినవాళ్లు, తండ్రికో అన్నదమ్ములకో ఇది వచ్చినవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి.

నెలకోసారి వేడినీళ్ల స్నానం అయ్యాక, చర్మం వదులుగా ఉన్నప్పుడు, ఒక్కో బీజాన్ని బొటనవేలికీ ముందు రెండు వేళ్లకీ మధ్య పెట్టుకుని మెల్లగా దొర్లించి చూడండి. పొట్టు తీసిన ఉడికించిన గుడ్డులా నున్నగా ఉండాలి. వెనకవైపు మెత్తని తాడులా తగిలేది అందరికీ ఉండేదే, దాన్ని చూసి టెన్షన్ పడొద్దు, ఒకటి కాస్త కిందికి వేలాడటం కూడా మామూలే. గట్టి గడ్డ, వాపు, బరువుగా లాగుతున్నట్టు ఉండటం, గజ్జల్లోనో పొత్తికడుపులోనో సలుపు, వీటిలో ఏది కనిపించినా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఉన్నట్టుండి భరించలేని నొప్పి వస్తే మాత్రం అది బీజం మెలిపడటం కావచ్చు, ఆరు గంటల్లోపే ఆపరేషన్ కావాలి, అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరుగెత్తండి.

గడ్డ అనగానే క్యాన్సర్ కాదు, వరిబీజం కావచ్చు, ఇన్ఫెక్షన్ కావచ్చు. కానీ చేత్తో చూసి తేల్చేది కాదు. మావాడికి ఒకచోట స్కాన్ లేకుండా రెండు వారాలు యాంటీబయాటిక్స్ ఇచ్చి పంపారు, ఆ కోపం నాకు ఇంకా పోలేదు. గుంటూరు కొత్తపేటలోనో విజయవాడ సూర్యారావుపేటలోనో యూరాలజిస్ట్‌ని కలిసి అల్ట్రాసౌండ్ చేయించండి, నొప్పేమీ ఉండదు. ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ అనే రక్తపరీక్షలు కూడా రాస్తారు. అనుమానం ఉంటే బీజాల సంచిలోకి సూది గుచ్చి ముక్క తీయకూడదు, గజ్జ దగ్గర కోసి బీజం మొత్తం తీసి బయాప్సీకి పంపుతారు.

ఆ రిపోర్టులో సెమినోమా అనో, నాన్ సెమినోమా అనో వస్తుంది, ఇవి ఈ క్యాన్సర్‌లో రెండు రకాలు. బీజం దాటి పాకకపోతే చాలామందికి ఆపరేషన్ తర్వాత పరీక్షలతో కనిపెట్టుకుని ఉంటే సరిపోతుంది. పాకితే బీఈపీ అనే కీమో, 21 రోజులకొక సైకిల్ చొప్పున మూడో నాలుగో ఇస్తారు. అందులోని సిస్‌ప్లాటిన్ అనే మందు 1970ల్లో వచ్చాకే ఈ జబ్బు రాత మారింది, ఇప్పుడు నూటికి 90 మందికి పైగా బతుకుతున్నారు. యువరాజ్ సింగ్‌కి ఊపిరితిత్తుల మధ్య వచ్చిన కణితి ఈ సెమినోమా జాతిదే, 2012లో కీమో చేయించుకుని మళ్లీ ఇండియాకు ఆడాడు.

పెళ్లి, పిల్లలు అని మావాడు రాత్రంతా కుమిలిపోయాడు. ఒక్క బీజం బాగున్నా కాపురానికి, పిల్లలకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. కీమోకి ముందే వీర్యం భద్రపరచమని అడగండి, తర్వాత అడిగితే ఆలస్యమవుతుంది. డబ్బు భయం ఉంటే గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో (జీజీహెచ్) నాట్కో క్యాన్సర్ సెంటర్ ఉంది, ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) వర్తిస్తుందేమో అక్కడే కనుక్కోండి.

మావాడిని ఇప్పుడు రెండు మూడు నెలలకోసారి రక్తపరీక్షకి నేనే బండి మీద తీసుకెళ్తున్నాను. తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే, అందుకే ఒక్కటీ తప్పనివ్వడం లేదు.