హాల్లో టవర్ స్పీకర్లు ఎలా పెట్టుకోవాలి?

కొత్తగా టవర్ స్పీకర్లు (నేల మీద నిలబెట్టే పొడుగాటివి) కొన్నవాళ్లు వారం తిరక్కుండానే ఫోన్ చేస్తారు. "బాస్ అంతా గుయ్యిమంటోంది, డైలాగులు ఒక్క ముక్క అర్థం కావట్లేదు" అంటారు. వెళ్లి చూస్తే ప్రతి ఇంట్లోనూ ఒకటే దృశ్యం. టీవీ యూనిట్‌కి అటొకటి, ఇటొకటి, గోడ మూలల్లోకి నెట్టేసి ఉంటాయి. తప్పు స్పీకర్లది కాదు, వాటిని నిలబెట్టిన చోటుది.

కొనే ముందు

హాల్ వెడల్పు పదడుగుల లోపు ఉంటే టవర్లు వద్దు. మంచి బుక్‌షెల్ఫ్ స్పీకర్ల జత, ఒక సబ్ వూఫర్ (బాస్ కోసమే ఉండే స్పీకర్) చాలు. అంతకన్నా పెద్ద హాలైతే టవర్లతో పాటే అదే సిరీస్ సెంటర్ స్పీకర్ కూడా తీసుకోండి. సినిమాలో మాటలు ఎక్కువగా వచ్చేది దాంట్లోంచే. పాత సెట్‌లోని చిన్న సెంటర్‌ని కొత్త టవర్ల మధ్య పెడితే, తెర మీద కారు ఎడమ నుంచి కుడికి దూసుకెళ్తున్నప్పుడు మధ్యలోకి రాగానే దాని శబ్దం సన్నబడిపోతుంది.

ఏవీ రిసీవర్ (స్పీకర్లన్నిటికీ పవర్ ఇచ్చే పెట్టె) వెనక ఎన్ని ఓమ్స్ స్పీకర్లు పెట్టవచ్చో రాసి ఉంటుంది, చూసుకోండి. డబ్బా మీద వాట్స్ చూసి మురిసిపోకండి, సెన్సిటివిటీ అడగండి, అంటే ఇచ్చిన పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందో. 90 డెసిబెల్స్ ఉన్న స్పీకర్, 87 ఉన్నదానితో సమానంగా మోగడానికి సగం పవర్ చాలు. డీవీడీ ప్లేయర్‌తో కలిపి వచ్చిన పాత సెట్‌కి మాత్రం టవర్లు తగిలించకండి.

వైర్లు

16 గేజ్ వైరు చాలు. పాతికడుగులు దాటితే ఇంకా లావైన 14 గేజ్. లోపల అసలైన రాగి ఉండాలి, అల్యూమినియం మీద రాగి పూత వేసింది కొనకండి. ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు కలపండి. ఒక టవర్‌కి తారుమారైతే బాస్ మాయమైపోతుంది, పాట ఎక్కడి నుంచి వస్తోందో తెలియదు. విడిపోయిన రాగి పోగు ఒక్కటి పక్క టెర్మినల్‌కి తగిలినా రిసీవర్ దెబ్బతినవచ్చు. అందుకే వైరు చివర్లకి బనానా ప్లగ్‌లు పెట్టుకోండి.

ఎక్కడ నిలబెట్టాలి

మిగతా పనులన్నీ ఒక గంటలో అయిపోతాయి. దీనికి మాత్రం ఒక ఆదివారం మొత్తం కేటాయించండి.

16 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు ఉన్న హాల్ అనుకుందాం. పొడవు వల్ల 35 హెర్ట్జ్ (సెకనుకి 35 కంపనాలు) దగ్గర, వెడల్పు వల్ల 51 హెర్ట్జ్ దగ్గర స్పీకర్‌తో పాటు గది కూడా మోగుతుంది. ఆ మోత అన్నిటికన్నా బలంగా ఉండేది మూలల్లోనే. టవర్‌ని మూలలో పెడితే ఆ రెండు స్వరాలకీ మీరే ఆజ్యం పోసినట్టు. దానికి తోడు మన ఇళ్లలో నేలంతా టైల్స్, గోడలన్నీ బోసి, శబ్దం వాటికి తగిలి తిరిగొస్తూ ఉంటుంది. మాటలు అర్థం కాకపోవడంలో వింతేముంది?

మా పెదనాన్నగారి అబ్బాయి ఇంట్లో సినిమాలో పిడుగు పడ్డప్పుడల్లా షోకేస్ అద్దాలు గలగలమనేవి. "చూశావా, ఎంత బాసో!" అని సంబరపడ్డాడు. కుడి టవర్ షోకేస్‌కి నాలుగు వేళ్ల దూరంలో, మూలకి ఆనుకుని ఉంది. ఇద్దరం కలిసి దాన్ని రెండడుగులు ముందుకు, అడుగున్నర లోపలికి జరిపాం. అదే సీన్ మళ్లీ పెట్టాం. అద్దాలు కిక్కురుమనలేదు. పిడుగు తర్వాత కురిసే వాన చప్పుడు మొదటిసారి విడిగా వినిపించింది. వాడు రిమోట్ పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

మీరూ ఇలాగే చేయండి. ముందు సోఫాని వెనక గోడకి కనీసం ఒక అడుగు దూరం జరపండి. అక్కడ కూర్చునే చోటు నుంచి రెండు టవర్లకీ టేపుతో కొలవండి. రెండు దూరాలూ అంగుళం తేడా లేకుండా ఉండాలి. టవర్ల మధ్య ఎడం దాదాపు అంతే, లేదా కాస్త తక్కువ. టవర్ల వెనక గోడకి అడుగున్నర నుంచి రెండడుగులు, పక్క గోడకి వీలైతే రెండడుగులు వదలండి. నేల మీద మాస్కింగ్ టేప్ అంటించి గుర్తు పెట్టండి.

ఇప్పుడు సబ్ వూఫర్ ఉంటే ఆపేసి, మీకు బాగా తెలిసిన మృదంగం కచేరీ ఒకటి పెట్టండి. దెబ్బ పడి ఆగాలి. దెబ్బ తర్వాత మోత సాగుతుంటే టవర్లని మూడంగుళాలు ముందుకు లాగి మళ్లీ వినండి. మోత పోయి దెబ్బ మరీ పలచబడితే ఒక అంగుళం వెనక్కి. ఒక్కసారే అడుగులకి అడుగులు జరిపితే ఏది బాగుందో గుర్తుండదు. రెండు టవర్లనీ ఎప్పుడూ కలిపే జరపండి.

అపార్ట్‌మెంట్లలో ఇంకో చిక్కుంది. హాల్ ఒక పక్క గోడ, రెండో పక్క డైనింగ్ వైపు ఖాళీ. గోడ పక్కనున్న టవర్ లావుగా మోగుతుంది. దానికోసం బ్యాలెన్స్ నాబ్ తిప్పకండి. టీవీ, సోఫా, టవర్లు అన్నీ కలిపి ఖాళీ వైపుకి ఒక అడుగు జరపండి. కష్టమే, కానీ ఇంకో దారి లేదు.

చివరగా టవర్లని కొద్దిగా లోపలికి తిప్పండి. వాటి ముఖాల నుంచి గీతలు గీస్తే, అవి మీ తల వెనక రెండడుగుల దూరంలో కలవాలి. నేరుగా చెవుల్లోకి తిప్పితే కొన్ని స్పీకర్లు చెవికి కటువుగా అనిపిస్తాయి.

"నడిచే దారిలో ఈ స్తంభాలేంటి?" అని ఇంట్లో పెద్దవాళ్లు అనడం ఖాయం. నిజంగా చోటు లేకపోతే, టవర్ వెనక గొట్టం ఉన్న మోడల్‌కి ఫోమ్ బిరడా బిగించండి. మోత కొంత తగ్గుతుంది. కానీ జరిపే వీలున్నప్పుడు బిరడాతో సరిపెట్టుకోకండి.

రిసీవర్ సెట్టింగ్

ఆటో క్యాలిబ్రేషన్ (రిసీవర్ తన మైకుతో స్పీకర్లని తానే సరిచూసుకోవడం) చేసేటప్పుడు ఫ్యాన్, ఏసీ ఆపండి, వంటింట్లో కుక్కర్ దించాక మొదలుపెట్టండి. మైకుని సోఫా మెత్త మీద పడేయకుండా, స్టాండు మీద చెవుల ఎత్తులో పెట్టండి. అది పూర్తయ్యాక మెనూలోకి వెళ్లి చూడండి. చాలాసార్లు టవర్లని 'లార్జ్' అని రాసుకుంటుంది. సబ్ వూఫర్ ఉంటే దాన్ని 'స్మాల్'గా మార్చి, క్రాసోవర్ (బాస్‌ని సబ్ వూఫర్‌కి మళ్లించే హద్దు) 80 హెర్ట్జ్ పెట్టండి. "ఇంత పెద్ద స్పీకర్‌ని స్మాల్ అంటే ఎలా?" అని చాలామంది నొచ్చుకుంటారు. ఆ మాటకి స్పీకర్ ఎత్తుతో సంబంధం లేదు. అడుగున ఉండే బాస్‌ని సబ్ వూఫర్‌కి పంపమని చెప్పడమే దాని అర్థం. సినిమా శబ్దానికి ప్రమాణాలు పెట్టే టీహెచ్‌ఎక్స్ వాళ్లు థియేటర్ సెటప్‌కి చెప్పే అంకె కూడా ఈ 80. రిసీవర్ మీద భారం తగ్గి, గొంతులు తేటగా వస్తాయి. అంత అడుగు బాస్ ఏ వైపు నుంచి వస్తోందో చెవి సరిగా పట్టలేదు కాబట్టి, సబ్ వూఫర్‌ని మోత తక్కువగా ఉండే చోటు వెతికి జరుపుకోవచ్చు. టవర్లకి ఆ స్వేచ్ఛ లేదు.

అంతా కుదిరాక మాస్కింగ్ టేప్ పీకేయకండి. టవర్ అడుగున నాలుగు మూలలకీ చిన్న ముక్కలుగా కత్తిరించి ఉంచండి. నేల తుడిచేవాళ్లు రోజూ వాటిని గోడకి నెట్టేస్తారు, సాయంత్రం మళ్లీ ఆ ముక్కల మీదికి లాక్కోవాలి.