పెరటి గదికి ఇంటర్నెట్ అందట్లేదా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

హైదరాబాద్‌లో సైనిక్‌పురి, అల్వాల్ వైపు పాత ఇండిపెండెంట్ ఇళ్లలో పెరట్లో విడిగా ఒక గది ఉంటుంది. వర్క్ ఫ్రమ్ హోమ్‌కి అది బాగుంటుంది గానీ వైఫై అక్కడిదాకా రాదు. చాలామంది వెంటనే రిపీటర్ (రౌటర్ సిగ్నల్ అందుకుని మళ్లీ ముందుకు పంపే పెట్టె) కొనేస్తారు. కొనేముందు లక్షణం చూడండి.

సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా పేజీ తెరుచుకోవట్లేదు
ఫోన్లో కనిపించే గీతలు గదిలోని రిపీటర్‌వి. ఆ రిపీటర్‌కే ఇంటి రౌటర్ అందట్లేదు. రిపీటర్‌ని ఇంట్లోనే, పెరటివైపు కిటికీ దగ్గర పెట్టండి. అక్కడ రౌటర్ సిగ్నల్ మైనస్ 65 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది) దరిదాపుల్లో ఉండాలి. మైనస్ 80 ఉంటే దండగే. ఒకే బ్యాండ్ (2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే) రిపీటర్ సిగ్నల్ తీసుకోవడం, పంపడం అదే ఛానల్లో చేస్తుంది కాబట్టి వేగం దాదాపు సగమవుతుంది.

గుమ్మం దాకా వచ్చి లోపల పోతోంది
రేకుల గదైతే కారణం రేకులే, లోహం సిగ్నల్‌ని తిప్పికొడుతుంది. మామూలు గోడలైతే 5 గిగాహెర్ట్జ్ నుంచి 2.4కి మారి చూడండి, కాస్త లోపలికి వస్తుంది. రేకులకు మాత్రం వైరు లాగడమే మందు.

వైరు లాగినా 100 ఎంబీపీఎస్ దాటట్లేదు
గిగాబిట్‌కి (1000 ఎంబీపీఎస్) కేబుల్లోని నాలుగు జతల తీగలూ పనిచేయాలి. ఒక్క తీగ తెగినా వేగం 100కి పడిపోతుంది. రెండు చివర్లా మళ్లీ క్రింప్ చేయించండి (కనెక్టర్ కొత్తగా బిగించడం). రాగి పూత పూసిన అల్యూమినియం కేబుల్ చవగ్గా దొరుకుతుంది, కానీ త్వరగా విరుగుతుంది. కోఠి గుజరాతీ గల్లీలోనో, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లోనో అసలు రాగి క్యాట్ 6 (నెట్‌వర్క్ కేబుల్ రకం) అని గట్టిగా అడగండి. ఆరుబయటి రకమే తీసుకోండి, మామూలు దాని తొడుగు మన ఎండలకు పగిలిపోతుంది. పొడవు 100 మీటర్లు మించకూడదు.

ఉరుముల వాన తర్వాత పోర్ట్ చచ్చిపోయింది
ఇది అన్నిటికంటే ముఖ్యం. రెండు కట్టడాల మధ్య రాగి తీగ ఉంటే, దగ్గర్లో పిడుగు పడినప్పుడు పుట్టే కరెంటు దాని గుండా రౌటర్ దాకా వస్తుంది. ఫైబర్ గాజు కాబట్టి ఆ భయమే లేదు. నన్నడిగితే మొదటే ఫైబర్ వేయించుకోండి, రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ని మామూలు నెట్‌వర్క్ కేబుల్‌కి కలిపే పెట్టెలు) పెడితే సరిపోతుంది. కన్వర్టర్ మీది లింక్ లైటు వెలగకపోతే రెండు సంగతులు చూడండి. ఒకే పోగు మీద నడిచే కన్వర్టర్లు ఏ, బీ అని జతగా వస్తాయి, రెండూ ఒకే రకమైతే కలవవు. ఫైబర్ చివర నీలం కనెక్టర్ ఉండాల్సిన చోట ఆకుపచ్చది పెట్టినా సిగ్నల్ బాగా తగ్గిపోతుంది.

నెట్ వస్తోంది గానీ ఇంట్లో ప్రింటర్ కనబడట్లేదు
గదిలోని రెండో రౌటర్ వేరే నెట్‌వర్క్ నడుపుతోంది. దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (సొంత నెట్‌వర్క్ నడపకుండా ఇంటి నెట్‌వర్క్‌నే వైఫైగా ఇచ్చే సెట్టింగ్) పెట్టండి. ఆ మోడ్ లేకపోతే దాని లాన్ ఐపీని (ఇంటి నెట్‌వర్క్‌లో దాని చిరునామా) ఇంటి రౌటర్ నెట్‌వర్క్‌లోనే ఎవరూ వాడని నంబర్‌కి మార్చి, డీహెచ్‌సీపీ (పరికరాలకు చిరునామాలు పంచే పని) ఆపేసి, కేబుల్‌ని వాన్ (WAN) పోర్ట్‌లో కాకుండా లాన్ పోర్ట్‌లో గుచ్చండి.