చెట్టెక్కే పని, 3వ పాఠం: కొత్త తాడు, దానికి జత కుదిరే సామాను

రెండో పాఠంలో కింద నిలబడి మానును పరీక్షించడం చూశాం: ఏ కొమ్మ ఎండింది, ఎక్కడ పుచ్చింది, తాడు వేయదగ్గ పంగ ఏది అని. ఇక కొనుగోలు. చిత్తూరు వైపు మామిడి కోతలు అయిపోగానే తోటల్లో కత్తిరింపులు మొదలవుతాయి. అక్టోబరు వానలు పట్టుకునేలోపు ఇళ్ల మీదికి వాలిన చింత, నిద్రగన్నేరు కొమ్మలు దించాలి. ఆ హడావిడిలో తాడు కొనకండి. కనీసం నెల ముందు కొని నేల మీదే చేతికి అలవాటు చేసుకోండి.

హార్డ్‌వేర్ కొట్లో ‘నైలాన్ తాడు’ అని ఇచ్చేది చాలాసార్లు పాలీప్రొపిలీన్. తేల్చుకోవడం సులువు. జానెడు ముక్కను నీళ్లలో ముంచి, గాలి పోయేలా పిసికి వదలండి. నైలాన్, పాలిస్టర్ మునుగుతాయి, పాలీప్రొపిలీన్ తేలుతుంది. తేలిన తాడును మనిషి బరువుకు వాడకూడదు. అది సుమారు 165 డిగ్రీలకే కరుగుతుంది. నైలాన్ 220, పాలిస్టర్ 250 దాకా ఆగుతాయి. తాడు మీద ముడిని జార్చుకుంటూ దిగడమే ఈ పనిలో అసలు కదలిక కాబట్టి రాపిడి వేడి తప్పదు. పైగా పాలీప్రొపిలీన్ మన ఎండకు త్వరగా పెళుసవుతుంది. అయితే మునిగిందల్లా పనికొస్తుందని కాదు. మూడు పేటల పురి తాడు బరువు పడగానే పురి విడుతూ మనిషిని గిరగిరా తిప్పుతుంది.

మీకు కావలసింది లోపల గుజ్జు పోగులు, పైన అల్లిన తొడుగు ఉండే తక్కువ సాగుడు తాడు. దాని మీద ‘ఈఎన్ 1891, టైప్ ఎ’ అనే యూరప్ ప్రమాణం ముద్ర ఉండాలి. ఆ తరగతి తాడు కనీసం 22 కిలోన్యూటన్లు, అంటే రెండు టన్నులకు పైగా లాగుడు తట్టుకోవాలి. ముడి వేస్తే బలం తగ్గుతుంది కనుక కొసన ముడితో 15 తట్టుకోవాలని విడిగా నియమం ఉంది. చీటీ పోయినా భయం లేదు. కొస కోసి చూస్తే గుజ్జులో సన్నని పట్టీ మీద తయారైన ఏడాది, తరగతి ముద్రించి ఉంటాయి. పట్టీ కనిపించకపోతే తీసుకోకండి. కొండలెక్కేవాళ్ల సాగే తాడు ఖరీదైనదైనా ఈ పనికి రాదు. రంపం పట్టుకున్న మనిషిని ఊగిస్తుంది.

లావు 11 నుంచి 13 మి.మీ. మొదటి తాడుగా 12 దగ్గర్లో ఉన్నది మేలు, గుప్పిట్లో నిండుగా పడుతుంది. పొడవుకు లెక్క ఇది: తాడు పంగ మీదుగా పోయి మళ్లీ కిందికి రావాలి. పంగ 14 మీటర్ల ఎత్తులో ఉంటే 28, నడుం దగ్గర ముడులకు, కొసకు మరో నాలుగైదు. అంటే 35 మీటర్లు కొనాలి. కొసన ముడి వేయకుండా ఎప్పుడూ ఎక్కకండి. దిగుతూ దిగుతూ తాడు చివరినుంచి జారిపోయి పడిన ప్రమాదాలు ఈ ఒక్క ముడి లేకనే.

ఎక్కువమంది తప్పు చేసేది ప్రూసిక్ తాడు దగ్గర, అంటే పెద్ద తాడు చుట్టూ జారుముడిగా చుట్టే చిన్న తాడు లూప్ దగ్గర. బరువు పడితే ఆ ముడి బిగుస్తుంది, బరువు తీస్తే జరుగుతుంది. ఇది పెద్ద తాడు కంటే సన్నగా ఉండాలి: 12 మి.మీ. తాడుకు 8 నుంచి 10. రెండూ ఒకే లావైతే ముడి బిగవక జారుతుంది. మరీ సన్ననిదైతే బరువు పడ్డాక బిగుసుకుని వదలదు. తొడుగు అరామిడ్ అనే వేడి తట్టుకునే పోగుది తీసుకోండి. అది కరగదు. లూప్‌ను మూడుసార్లు తిప్పితే ఆరు చుట్లు పక్కపక్కన పడాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కితే పట్టు పోతుంది. తాడు పంగ మీదుగా రెండు వైపులా కిందికి వేలాడే రెండు పోగుల పద్ధతిలో ఈ ముడి మీద పడేది దాదాపు సగం బరువే, అందుకే కొత్తవారికి అదే చెబుతున్నాం. వేగంగా దిగితే చుట్ల లోపలివైపు నున్నగా మెరుస్తూ గట్టిపడుతుంది. అలా మెరిసిన ముక్కను ఆ రోజే పారేయండి.

నడుం పట్టీ విషయం. తిరుపతి కొట్లలో సులువుగా దొరికేది వీపున రింగు ఉండే, ఐఎస్ 3521 అనే భారత ప్రమాణం ముద్ర వేసిన కట్టడాల హార్నెస్. పడితే ఆపడానికి అది మంచిదే. కానీ గంటలసేపు కూర్చుని కోయడానికి కాదు. తొడ పట్టీలు, ముందు కట్టు, రెండు పక్కలా రింగులు ఉన్నది కావాలి. కొనేముందు అడుగు ఎత్తున పది నిమిషాలు వేలాడి చూడండి. తొడలు తిమ్మిరెక్కితే సైజు సరిపోలేదు.

తాడును నడుం పట్టీకి తగిలించే లోహపు కొక్కెం, కారబైనర్‌కు మూడు కదలికలతో తెరుచుకునే తాళం ఉండాలి. మర తిప్పే రకం బెరడుకు రాసుకుని విప్పుకుంటుంది. రంపం తీసేముందు రెండో కట్టుగా నడుం తాడు, మూడు మీటర్లకు తగ్గకుండా, మానును చుట్టి ఉండాలి. ఉక్కు తీగ ఉన్న రకం చేతి రంపాన్ని కాస్త తట్టుకుంటుంది, మోటారు రంపాన్ని కాదు. కరెంటు తీగల పక్కన దాన్ని వాడకండి. తడి తాడు కూడా కరెంటును మోస్తుంది. లైన్ ఆపించకుండా ఆ పక్క కొమ్మ ముట్టుకోవద్దు.

కొన్న తాడును బండి బ్యాటరీ దగ్గర పెట్టకండి. యాసిడ్ ఆవిరి నైలాన్‌ను పైకి కనిపించకుండా తినేస్తుంది. మామిడి సొన అంటితే చల్లని నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి.

ఈ వారం అభ్యాసం: ఇంటి దూలానికి తాడు వేసి, నేలకు అడుగు ఎత్తులో ఆరు చుట్ల ప్రూసిక్ ఇరవైసార్లు కట్టి, ప్రతిసారీ పూర్తి బరువుతో కూర్చోండి. జారిన ప్రతిసారీ చుట్లు ఎలా పడ్డాయో రాసుకోండి. నాలుగో పాఠంలో 300 గ్రాముల ఇసుక సంచిని పంగ దాటించడం దగ్గర మొదలుపెడదాం.