పాలు చాలడం లేదా? డబ్బా మూత తీసే ముందు

తల్లిపాలా, పోతపాలా అన్నది తీరిగ్గా కూర్చుని తేల్చుకునేవాళ్లు తక్కువ. మూడో రోజు రాత్రి బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే ‘పాలు చాలట్లేదేమో’ అని ఎవరో ఒకరు అంటారు, డబ్బా మూత తెరుచుకుంటుంది. ఏడుపు కొలమానం కాదు. తడిసిన గుడ్డలు, బరువు చూడండి.

మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు. తొలిరోజు బిడ్డ ఒక్కసారికి తాగేది సుమారు ఒక చెంచాడే, అదే సరిపోతుంది. ఈ రోజుల్లో బరువు కాస్త తగ్గుతుంది కూడా. తగ్గుదల 10 శాతానికి చేరితే డాక్టరుకు చూపించాలి. మామూలుగా రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు తిరిగి వస్తారు. ఐదో రోజు నుంచి రోజుకు కనీసం 6 సార్లు మూత్రం పోస్తూ, విరేచనం పసుపు రంగులోకి మారి, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే.

ఆ గుర్తులు లేకపోతే ముందుగా చూడాల్సింది బిడ్డ చన్ను పట్టిన తీరు. చనుమొన ఒక్కటే నోట్లో ఉంటే తల్లికి నొప్పి, బిడ్డకు ఆకలి. నోరు బాగా తెరుచుకుని, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు లోపలికి పోవాలి. గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి మడవాలి. గుటక చప్పుడు వినిపించాలి. నొప్పి పుడితే లాగేయకుండా, నోటి మూలలో శుభ్రమైన చిటికెన వేలు పెట్టి పట్టు విడిపించి మళ్లీ పట్టించండి. రోజుకు 8 నుంచి 12 సార్లు పట్టాలి, రాత్రిళ్లు సహా. రొమ్ము ఖాళీ అయిన కొద్దీ పాలు ఊరతాయి. రాత్రి డబ్బాపాలు పట్టి తల్లి నిద్రపోతే ఆ పూట రొమ్ము నిండుగానే ఉండిపోతుంది, శరీరం ఉత్పత్తి తగ్గించుకుంటుంది. అందుకే పోతపాలు పట్టిన ప్రతిసారీ ఒకసారి పాలు పిండాలి.

పోతపాలు తప్పనిసరయ్యే సందర్భాలూ ఉన్నాయి. గెలాక్టోసీమియా (పాలలోని చక్కెరను ఒళ్లు వాడుకోలేని, పుట్టుకతో వచ్చే అరుదైన జబ్బు) ఉన్న బిడ్డకు తల్లిపాలు పడవు, ప్రత్యేక ఫార్ములా (డబ్బా పాలపొడి) కావాలి. కీమోథెరపీలో ఉన్న తల్లి, హెచ్‌ఐవీ ఉన్న తల్లి డాక్టరు చెప్పినట్టు నడుచుకోవాలి. రొమ్ము ఆపరేషన్ అయినవాళ్లలో కొందరికి నిజంగానే పాలు చాలవు. తన ఇష్టంతోనే ఫార్ములా ఎంచుకున్న తల్లిని సాధించడం వల్ల బిడ్డకు ఒరిగేదేమీ లేదు. కలపడం సరిగ్గా నేర్పండి, అది మేలు.

పొడి క్రిమిరహితం కాదు, క్రోనోబాక్టర్ అనే బ్యాక్టీరియా అందులో ఉండొచ్చు. మరిగించిన నీళ్లు 70 డిగ్రీల కన్నా చల్లారకముందే కలపమనేది అందుకే. లీటరు నీళ్లయితే పొయ్యి ఆపిన అరగంటలోపే వాడాలి. సీసా ముందే మరిగించి ఉంచుకోండి. మొదట నీళ్లు కొలిచి పోసి, తర్వాతే పొడి వేయాలి. పొడి ముందు వేసి గీత దాకా నీళ్లు పోస్తే పాలు చిక్కబడతాయి. 30 మి.లీ.కు ఒక స్కూప్ అన్నది అన్ని డబ్బాలకూ వర్తించదు, లేబుల్ చదవండి. ఆ డబ్బాలోని స్కూపే వాడండి, నొక్కకుండా పైన చదును చేయండి. చిక్కబడితే మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం. డబ్బా ఎక్కువ రోజులు రావాలని పలచన చేస్తే రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ కూడా రావొచ్చు. కలిపాక సీసాను చన్నీళ్లలో ఉంచి చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసి చూడండి. కలిపిన రెండు గంటల్లోపు పట్టాలి, బిడ్డ తాగగా మిగిలింది పారబోయాలి.

మొదటి కొన్ని రోజులు దాటాక ఆరు నెలల లోపు బిడ్డకు కిలో బరువుకు రోజుకు సుమారు 150 మి.లీ. అవసరం. 4 కిలోల బిడ్డకు 600 మి.లీ., ఎనిమిది సార్లుగా పడితే పూటకు 75. సీసాలో మిగిలింది కదా అని బలవంతాన తాగిస్తే కక్కుకుంటారు.

పిండిన తల్లిపాలు 25 డిగ్రీల లోపు గదిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు ఆగుతాయి. వేడినీళ్ల గిన్నెలో ఉంచి వెచ్చబెట్టండి. మైక్రోవేవ్‌లో ఒకచోట చల్లగా, ఒకచోట నోరు కాలేంత వేడిగా ఉంటాయి.